దేవనహళ్ళా, దేవనపల్లా?

మా అవ్వ దేవనహళ్ళిని ఎప్పుడూ దేవనపల్లి అనే అంటా ఉండె. బడిలో మేము గూడా అట్లే అంటే పిల్లోళ్ళు నవ్వేవాళ్ళు, తెలుగోళ్ళు ఊరిపేరు పాడు చేస్తారని. ఇప్పుడు మనవాళ్ళు కొందరు దాన్ని తిరగేసి, అసలు పేరు పల్లే, కన్నడమోళ్ళే హళ్ళి చేసినారని అంటున్నారు. రెండు మాటలూ నిలిచేవి కావు.

ద్రావిడ భాషలను పోల్చి చూసినవాళ్ళు పల్లికీ హళ్ళికీ మూలరూపం *పళ్ళి అని కట్టినారు. ముందున్న చుక్కగుర్తుకు అర్థం, ఆ మూలభాషలో రాతసాక్ష్యం లేదు, కూతురు భాషలను బట్టి కట్టిన మాట అని. జర్మానిక్ భాషల మూలమాటలకూ ఇదే గుర్తు పెడతారు. లాటిన్‌లో పిస్కిస్ అంటే చేప, ఇంగ్లీషులో అదే ఫిష్. అక్కడ ప పోయి ఫ వచ్చింది. కన్నడంలో సుమారు 10వ శతాబ్దం నుంచి మాట మొదట్లోని ప మెల్లమెల్లగా హ అయింది. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పంది హంది. పంపా పేరే హంపి అయింది.

తెలుగు ప ను కాపాడుకుంది గానీ ళ్ళ ను వదిలేసింది. మన ముల్లు వాళ్ళకు ముళ్ళు, మన కల్లు వాళ్ళకు కళ్ళు. (ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడేవాళ్ళకు ఈ కళ్ళతో తిప్పలే!) అంటే మూలమాటలో ముందుసగం మన దగ్గర, వెనకసగం వాళ్ళ దగ్గర మిగిలింది. తమిళంలో రెండూ నిలిచినాయి, అర్థమే దారి మార్చుకుంది. ఒకప్పుడు జైనుల మఠాలను గూడా పళ్ళి అనేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళకు పళ్ళి అంటే బడి. మలయాళంలో మసీదు, చర్చి.

మరి అవ్వ మాట? 1501లో మల్లబైరేగౌడ ఇక్కడ మట్టికోట కట్టినాడు. అంతకుముందు ఊరిపేరు దేవనదొడ్డి అంటారు. ఆనాటికే కన్నడంలో ప హ గా మారడం ముగిసింది. కాబట్టి హళ్ళి గానే పుట్టిన పేరును అవ్వలాంటివాళ్ళు తెలుగు చేసుకున్నారనే నేననుకుంటా. ఇక్కడే పుట్టిన టిప్పు ఊరికి యూసఫాబాద్ అని పేరు పెడితే అది ఎవరి నోటా నిలవలేదు గానీ, అవ్వ పేరు మా ఇంట్లో ఇంకా ఉంది.

44వ నెంబరు హైవేలో చిక్కబళ్ళాపురం దాటి పోతే బాగేపల్లి వస్తుంది. అదీ కర్ణాటకే. కన్నడ అక్షరాల్లోనూ పల్లి అనే రాస్తారు. బాగేహళ్ళి అన్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు.