అప్‌గ్రేడ్ ఎవరిష్టం? - ఓ సీఆర్ఎం కథ

సీఆర్ఎం సాఫ్టువేరుకి కొత్త వెర్షన్ వచ్చిందంటే మనవాళ్ళు ముందు అడిగేది "కొత్తగా ఏం పెట్టాడు?" అనే. స్క్రీన్ మారిందా, రిపోర్టుల్లో ఏం కలిపాడు, ఏఐ ఎక్కడ తగిలించాడు... ఇవే చర్చలు. నా మట్టుకు నాకు, గత పాతికేళ్ళలో వచ్చిన అసలు మార్పు ఈ జాబితాల్లో ఎక్కడా కనపడదు. అప్‌డేట్ ఎప్పుడు వెయ్యాలో చెప్పే హక్కు కొనుక్కున్నవాడి చేతిలోంచి అమ్మినవాడి చేతిలోకి పోయింది. అదెలా పోయిందో ఓసారి వెనక్కెళ్ళి చూద్దాం.

సీబెల్‌తో మొదలెట్టాలి. ఒరాకిల్‌లో పనిచేసి బయటికొచ్చిన టామ్ సీబెల్, పాట్రీషియా హౌస్‌తో కలిసి 1993లో పెట్టిన కంపెనీ. 2000 నాటికి సీఆర్ఎం అంటే సీబెల్ అన్నట్టే ఉండేది. అమీర్‌పేటలో శాప్, ఒరాకిల్ యాప్స్ బోర్డుల పక్కన సీబెల్ కోచింగ్ బోర్డులూ ఉండేవి, గుర్తుందా?

సీబెల్‌లో స్క్రీన్లు, ఫీల్డులు, బిజినెస్ రూల్స్ అన్నీ రిపాజిటరీ అనే డేటాబేస్ పట్టికల్లో ఉంటాయి. కంపెనీ ఇచ్చిన రిపాజిటరీని కస్టమర్ సీబెల్ టూల్స్‌లో తనకి కావలసినట్టు మార్చుకుని, ఎస్ఆర్ఎఫ్ అనే ఫైలుగా కంపైల్ చేసి సర్వర్ మీద పెట్టుకునేవాడు. అంతవరకూ హాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడే తంటా. కంపెనీవాళ్ళ పాత రిపాజిటరీ ఒకటి, మనం మార్చుకున్నది ఒకటి, కంపెనీవాళ్ళ కొత్తది ఒకటి. ఈ మూడింటినీ పోల్చి నాలుగోది తయారుచెయ్యాలి. గిట్‌లో మీరు చేసే త్రీ-వే మెర్జ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ వేలకొద్దీ ఆబ్జెక్టులు, ఒక్కోదానికి బోలెడు ప్రాపర్టీలు. ఒకే ప్రాపర్టీని ఇటు మనమూ అటు వాళ్ళూ మార్చి ఉంటే అదో కన్ఫ్లిక్ట్. ఆ కన్ఫ్లిక్ట్‌ల జాబితా ముందేసుకుని ఎవరో ఒకరు కూర్చుని "ఇది మనది ఉంచాలా, వాళ్ళది తీసుకోవాలా" అని తేల్చాలి. ఆ మార్పు చేసినవాడు కంపెనీ మారి మూడేళ్ళయి ఉంటుంది. ఎందుకు చేశాడో ఎక్కడా రాసి ఉండదు :)

దానికితోడు సేల్స్‌వాళ్ళ ల్యాప్‌టాప్‌లు. ఊళ్ళు తిరిగేవాళ్ళు ఆఫ్‌లైన్‌లో పనిచేసుకోవడానికి ఒక్కో ల్యాప్‌టాప్‌లో చిన్న లోకల్ డేటాబేస్ ఉండేది, ఆఫీసుకి కనెక్ట్ అయినప్పుడు సింక్ చేసుకునేవాళ్ళు. సర్వర్ వెర్షన్ మారితే అవన్నీ మార్చాలి. 2001లో సీబెల్ 7 వచ్చి వెబ్‌లోకి తెచ్చింది గానీ, అదీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, యాక్టివ్ఎక్స్ మీద ఆధారపడి. అంచేత బ్రౌజర్ మార్చాలన్నా భయమే.

ఫలితం ఏమయ్యిందంటే, కస్టమర్లు అప్‌గ్రేడ్ చేసేవాళ్ళు కాదు. కొత్త ఫీచర్లు ఎన్నొచ్చినా అవి బ్రోచర్లలోనే ఉండేవి, ఆఫీసులో పనిచేసేవాళ్ళకి చేరేవి కావు. వద్దనే హక్కు ఉంది, దానికి కట్టే మూల్యం కూడా అంతే ఉంది.

ఈ నొప్పినే పట్టుకున్నాడు మార్క్ బెనియాఫ్. ఈయనా ఒరాకిల్ మనిషే, పదమూడేళ్ళు అక్కడ చేశాడు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పార్కర్ హ్యారిస్ మరో ఇద్దరితో కలిసి ఓ అపార్ట్‌మెంట్‌లో సేల్స్‌ఫోర్స్ మొదలెట్టాడు. లారీ ఎల్లిసన్ తన జేబులోంచి 20 లక్షల డాలర్లు పెట్టాడు. 2000 ఫిబ్రవరిలో సీబెల్ యూజర్ కాన్ఫరెన్స్ బయట నటులని పెట్టి, "సాఫ్టువేరు అంతం" అని ప్లకార్డులు పట్టించి, ఉత్తుత్తి ధర్నా చేయించారు. (మన దగ్గర అసలు ధర్నాలకే కొదవలేదు గానీ, అమ్మకాల కోసం ధర్నా అన్న ఐడియా మాత్రం మనవాళ్ళకి తట్టలేదు.) ధర, మనిషికి నెలకి 50 డాలర్లు.

ధర్నా సంగతి అందరూ చెప్తారు. లోపల చేసిన పని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. సేల్స్‌ఫోర్స్‌లో మీరు కొత్త ఫీల్డు పెడితే డేటాబేస్‌లో కొత్త కాలమ్ ఏమీ రాదు. అందరి కస్టమర్ల డేటా పడే పెద్ద పట్టికలో వేల్యూ0 నుంచి వేల్యూ500 దాకా పేరూ ఊరూ లేని కాలమ్స్ ఉంటాయి. మీ ఫీల్డు అందులో ఏ నెంబరో ఇంకో పట్టికలో మెటాడేటాగా రాసి ఉంటుంది. అంటే మీ మార్పులు వాళ్ళ కోడ్‌లో కలవవు, పక్కన వరుసలుగా ఉంటాయి. వాళ్ళు కింద ఇంజిన్ మార్చేస్తే పైన మీవి అలాగే ఉంటాయి. సీబెల్‌లో నెలలు తిన్న మెర్జ్ ఇక్కడ లేనే లేదు. ఏడాదికి మూడుసార్లు - స్ప్రింగ్, సమ్మర్, వింటర్ - అందరికీ కొత్త వెర్షన్ ఇవ్వగలగడం దీనివల్లే.

2006లో ఏపెక్స్ ప్రకటించి, కస్టమర్లు కూడా కోడ్ రాయొచ్చన్నాక ఈ పద్ధతికి అసలు పరీక్ష. దానికి వాళ్ళు వేసిన ఎత్తు నాకు చాలా నచ్చుతుంది. ప్రొడక్షన్‌కి వెళ్ళాలంటే కనీసం 75 శాతం కోడ్‌ని మీ టెస్టులు కవర్ చెయ్యాలన్నారు. మనవాళ్ళంతా అదేదో మన క్వాలిటీ కోసం అనుకుని తిట్టుకున్నారు. ప్రతి రిలీజ్‌కీ ముందు ఆ టెస్టులనే పాత వెర్షన్ మీదా కొత్త వెర్షన్ మీదా నడిపి, ఫలితం తేడా వస్తే తమ బగ్ అని వాళ్ళు పట్టుకుంటారు. దీనికి హ్యామర్ అని పేరు. ఊరికే కవరేజ్ కోసం అసర్ట్ లేని టెస్టు రాసినవాడు, తన అప్లికేషన్‌కి ఉచితంగా దొరికే కాపలా వదులుకున్నట్టే.

ఇంకోటి ఏపీఐ వెర్షన్. 2010 అక్టోబరు ప్రాంతంలో 20.0 వాడి రాసిన ఇంటిగ్రేషన్, మధ్యలో ముప్పై పైచిలుకు రిలీజులు వచ్చినా నడిచింది. 7.0 నుంచి 20.0 దాకా చివరికి 2022 సమ్మర్ రిలీజ్‌లో తీసేశారు. పన్నెండేళ్ళు! 21.0 నుంచి 30.0 దాకా 2023 అని, 2025కి వాయిదా వేశారు.

ఇక రెండో వైపు. మార్పు వాళ్ళ చేతిలో ఉంటే దారి మార్చే హక్కూ వాళ్ళదే. 2015లో ప్రాసెస్ బిల్డర్ వచ్చింది, వర్క్‌ఫ్లో రూల్స్ వదిలి ఇందులోకి రమ్మన్నారు. వెళ్ళాం. 2021లో రెండూ కాదు, ఫ్లో అన్నారు. వర్క్‌ఫ్లో రూల్స్‌కీ, ప్రాసెస్ బిల్డర్‌కీ 2025 డిసెంబరు 31తో సపోర్ట్ ఆపేస్తున్నామని ప్రకటించారు. ఒకే ఆటోమేషన్‌ని మూడుసార్లు రాసిన టీములు నాకు తెలుసు. కస్టమర్‌కి ఒక్క రూపాయి కొత్త లాభం లేదు. ఈ పనిని ప్రాజెక్టు ప్లాన్‌లో ఏ పేరుతో పెట్టాలో ఎవరికీ తెలియదు. సీబెల్ రోజుల్లో అప్‌గ్రేడ్ అంటే దానికో బడ్జెట్, ఓ మేనేజరు, చివర్లో ఓ పార్టీ. ఇప్పుడది అడ్మిన్ శనివారంలో కలిసిపోయింది. వందల పేజీల రిలీజ్ నోట్స్ చదవడం ఎవరి టైమ్‌షీట్‌లోనూ ఉండదు.

అందరూ ఒకే గూట్లో ఉంటే దెబ్బా అందరికీ ఒకేసారి తగుల్తుంది. 2019 మే 17న ఒక డేటాబేస్ స్క్రిప్టు తేడాకొట్టి, పార్డాట్ వాడుతున్న, అంతకుముందు వాడిన కంపెనీల్లో యూజర్లకి చూడకూడని డేటా కూడా తెరుచుకుంది. ఆపడానికి వాళ్ళు ఏకంగా తలుపులే మూసేశారు, ఆ సర్వర్ల మీదున్న మిగతా కస్టమర్లకి కూడా. తర్వాత చాలా చోట్ల పర్మిషన్లు అడ్మిన్లే శాండ్‌బాక్స్ లోంచి చూసుకుని తిరిగి పెట్టుకోవాల్సొచ్చింది. ఎవడి సర్వర్ వాడి దగ్గరున్న రోజుల్లో ఒకడి తప్పు ఒకడి దగ్గరే ఆగేది.

2024 అక్టోబరులో ఏజెంట్‌ఫోర్స్ వచ్చాక అప్‌డేట్‌తో పాటు లెక్క కూడా మారడం మొదలైంది. మనిషికి ఇంత అన్నది పోయి, మొదట సంభాషణకి 2 డాలర్లు అన్నారు, ఏడాది తిరక్కుండానే క్రెడిట్లు అన్నారు. ఫీచర్ నచ్చకపోతే ఆఫ్ చేసుకోవచ్చు. కొలబద్ద నచ్చకపోతే?

అన్నట్టు, సీబెల్ ఏమైందంటారా? 2005 సెప్టెంబరులో ఒరాకిల్ 585 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఎల్లిసన్ అటూ ఉన్నాడు, ఇటూ ఉన్నాడన్నమాట. అంతా అయిపోయిందనుకున్నారు గానీ, 2017 వెర్షన్‌లో ఆ ఎస్ఆర్ఎఫ్ ఫైలు తీసేశారు, 2018 నుంచి నెలనెలా అప్‌డేట్లు ఇస్తున్నారు. పాత తరహా మెర్జ్ బాధ లేదు. ఆ నెలది ఈ నెలే వేసుకోవాలా, ఆర్నెల్లు ఆగి వేసుకోవాలా అన్నది మాత్రం ఇప్పటికీ కస్టమర్ ఇష్టం.