పేరు లేని నవలలు

పర్చూరు నుంచి చీరాల చేరితే మద్రాసు రైలు మార్గం తగులుతుంది. అదే మార్గంలో ఉత్తరానికి వెళ్తే తెనాలి. తెలుగు పిల్లల సాహిత్యానికి సగం మనుషుల్ని ఇచ్చింది ఆ తెనాలి ప్రాంతమే. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి మద్రాసులో ‘చందమామ’ పెట్టిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. దాని జానపద సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యమూ ఆ చుట్టుపక్కలవారే.

పిల్లల కథలతో చెయ్యి తిప్పుకుని, తర్వాత పెద్దల నవలకు ఎక్కడం రచయితల మామూలు దారి అనుకుంటాం. ఆ దారిన నడిచినవాళ్లు మనకూ ఉన్నారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. పెద్దల పత్రికల్లో ఆయన సంపాదించుకున్న పేరంతా ఆ తర్వాతిదే.

కుటుంబరావు ఎదురు దిశలో వచ్చారు. ‘చందమామ’లో చేరేనాటికే ఆయన పెద్దల కథకుడిగా స్థిరపడినవారు. ‘చదువు’ నవల సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలై, అతనితోపాటే ఎదుగుతూ మొదటి ప్రపంచ యుద్ధాన్నీ జాతీయోద్యమాన్నీ దాటుతుంది. పిల్లవాడి బుర్రలో లోకం ఎలా రూపు కడుతుందో అంత దగ్గరగా చూసిన మనిషికి ‘చందమామ’ దొరకడం తెలుగు పిల్లల అదృష్టం. అలంకారాలు లేని, వేగంగా సాగే వాక్యం ఆయన నవలల్లో ఎలా ఉంటుందో ‘చందమామ’ కథల్లోనూ అలాగే ఉంటుంది. పిల్లల కోసమని ఆయన భాషను పలచన చెయ్యలేదు.

దాసరి సుబ్రహ్మణ్యం కథ ఇంతకంటే పెద్దది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ పాతికేళ్లలో పన్నెండు సీరియల్స్ రాశారు. ‘రాకాసిలోయ’ ఒక్కటే 1961లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. నెలనెలా ఒక ప్రమాదం దగ్గర కథ ఆపి, తర్వాతి సంచికలో మళ్లీ అందుకుని, పదుల పాత్రల్ని దారి తప్పకుండా చివరిదాకా నడపడం నవలాకారుడి పని. కానీ ‘చందమామ’లో సీరియల్ పక్కన రచయిత పేరు వేసేవారు కాదు. బొమ్మల కింద ‘చిత్ర’ అన్న సంతకం చూసిన పిల్లలకు చిత్రకారుడు తెలుసు. రాసినాయన ఎవరో తెలీదు.

బ్రిటన్‌లో జె.కె. రౌలింగ్ 2007లో హ్యారీ పోటర్ ముగించి, 2012లో పెద్దల కోసం ‘ది క్యాజువల్ వేకెన్సీ’ రాశారు. మరుసటి ఏడాది రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అన్న మారుపేరుతో డిటెక్టివ్ నవల తెచ్చారు. పిల్లల పుస్తకాలు తెచ్చిన పేరు నీడ పడకుండా పాఠకులు దాన్ని చదవాలని ఆమె కోరుకున్నారు. దాసరికి అలా పక్కన పెట్టుకోవడానికి ఒక పేరంటూ ఉండనివ్వలేదు. ఆయన సాంఘిక కథలు రాశారు, ‘బొమ్మరిల్లు’ పిల్లల పత్రికకు ‘మృత్యులోయ’ రాశారు. అయినా పెద్దల పత్రిక సంపాదకుడికి గానీ, ప్రచురణకర్తకు గానీ ‘రాకాసిలోయ రాసింది నేనే’ అని చూపించడానికి అచ్చులో ఒక్క ఆధారమూ లేదు. పిల్లల రచయిత పెద్దల నవలకు వెళ్లాలంటే ముందు వెంట తీసుకెళ్లడానికి పాఠకులు కావాలి. ఆయనకు లక్షల మంది పాఠకులు ఉండి కూడా, వాళ్లకు ఆయన లేరు. ఇది అన్యాయమే.

2010 జనవరిలో ఆయన పోయారు. ఆ సీరియల్స్ ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. పర్చూరుకు దగ్గర్లోనే, వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికల్ని భద్రంగా దాస్తోంది. తెలుగు నవల చరిత్ర రాసేవాళ్లు అలాంటి చోట కూర్చుని, జానపద నవల అధ్యాయంలో ఆ పన్నెండు సీరియల్స్‌కూ చోటివ్వాలి.