కరణంగారి కలం

సిస్తు కట్టడం రైతు వంతు, లెక్క రాయడం కరణంగారి వంతు. మా కోనసీమలో చాలాకాలం సాగిన పద్ధతి అదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్ళు పారాక పంటా పెరిగింది, నీటి తీరువా లెక్కా పెరిగింది. ఏ చేను ఎవరిదో, అందులో ఏం పండిందో, అడంగల్లో ఆయన రాసిందే రాత. కరణాన్ని అనుసరించి బతకమని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు కదా! ఊరికే రాస్తారా మరి? పండక్కి అరటిగెల వెళ్ళాల్సిందే అనేది మా అమ్మమ్మ. ఎకరన్నర తన పేరనే ఉన్నా కాగితంలో ఏముందో ఆవిడకి తెలియదు. చూపించిన చోట వేలిముద్ర వేసేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసింది.

ఆదాయపు పన్నుది వేరే కథ. 1857 తిరుగుబాటు ఖర్చు పూడ్చుకోవడానికి 1860లో జేమ్స్ విల్సన్ దొర తెచ్చాడు. 1886 చట్టం పంట ఆదాయాన్ని వదిలేసింది. అందుకే కొబ్బరితోట ఆసామికి లేని బెడద ఆయనగారి టీచరు భార్యకి! ఆడిటరుగారికి ఫీజు ఇచ్చుకోవాలా, మనమే రాసుకోవాలా? ఒక్క జీతమే అయితే మనమే చాలు. స్థలం అమ్మిన ఏడాది మాత్రం ఫీజు దండగ కాదు. ఎవరు నింపినా జవాబు చెప్పుకోవలసింది మనమే. అమలాపురంలో మా వదిన మొన్న జూలైలో తన రిటర్ను తనే వేసుకుంది. అన్నయ్య తోట లెక్కలు ఇంకా గుమాస్తా చేతిలోనే ఉన్నాయి.