కొత్తవారి భుజాల మీదికి బరువు వచ్చిన దారి

బరువులతో చేసే వ్యాయామంలో నేడు తొలి వారంలోనే నేర్పే కదలికలు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్. రెండు చివరలా బరువు పళ్లేలు తొడిగిన ఇనుప కడ్డీని బార్‌బెల్ అంటారు. దానిని మెడ వెనుక భుజాలపై మోస్తూ, తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా లేదా ఇంకా కిందికి కూర్చుని లేవడం స్క్వాట్; నేలమీద నిశ్చలంగా ఉన్న అదే కడ్డీని, వెన్ను గూనిపోకుండా తుంటి దగ్గర వంగి పట్టుకొని, మోకాళ్లూ తుంటీ నిటారయ్యేదాకా ఎత్తి నిలబడటం డెడ్‌లిఫ్ట్. కూర్చుని లేవడం, కిందిది పైకెత్తడం పసితనం నుంచీ మనిషికి తెలిసినవే అయినా, వాటికి బరువు జోడించి కొత్తవారికి ఎలా నేర్పాలన్నది తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మహాబలుల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి కానీ, కొత్తవారికి దారి వేసినవి ప్రధానంగా కొన్ని మామూలు సాధనాలు, బరువును కొద్దికొద్దిగా పెంచే ఒక క్రమం.

తెలుగునాట తాలింఖానాలలో దండీలతో పాటు బస్కీలు తీసే అలవాటు బార్‌బెల్ రాకకు చాలా ముందునుంచే ఉంది. చేతులు ఊపుతూ మడమలు లేపి పూర్తిగా కూర్చుని లేచే ఈ సాధనలో బరువు శరీరానిదే కాబట్టి, పెంచవలసి వచ్చినప్పుడు సంఖ్యనే పెంచేవారు. వీరఘట్టంలో పుట్టి, సర్కసు ప్రదర్శనలతో దేశమంతటా పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు వంటి బలశాలులు ఎదిగిన వాతావరణం ఇదే. బార్‌బెల్ సంప్రదాయం దీనికి భిన్నంగా సంఖ్యను తక్కువగా ఉంచి బరువును పెంచింది. సులువూ ప్రమాదమూ రెండూ ఆ తేడాలోనే ఉన్నాయి.

డెడ్‌లిఫ్ట్‌కు పూర్వరూపం అమెరికాలో కనిపిస్తుంది. బోస్టన్ ప్రాంతపు వైద్యుడు జార్జ్ బార్కర్ విండ్‌షిప్ 19వ శతాబ్దం మధ్యలో హెల్త్ లిఫ్ట్ అనే పద్ధతిని ప్రచారం చేశాడు. ఎత్తైన వేదికపై నిలబడి, దాని కింద ఉన్న బరువుకు తగిలించిన పిడులను పట్టుకొని, మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి కొన్ని అంగుళాలు పైకి లాగడం అందులోని పని. కదలిక దూరం అంత తక్కువ కావడం వల్లనే బరువు బాగా పెరిగేది, భుజాలకు పట్టీలు తగిలించుకొని అతడు 2,000 పౌన్లకు, అంటే సుమారు 900 కిలోలకు పైగా ఎత్తాడని ప్రసిద్ధి. బలమే ఆరోగ్యమని ఉపన్యసించిన ఆ వైద్యుడు 1876లో, నడివయసులోనే, పక్షవాతంతో మరణించగా జనం భయపడి ఆ సాధనకు దూరమయ్యారు. ఒక వ్యక్తి మరణంతో ఒక వ్యాయామాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు గాని, అధిక బరువు గుండెకూ నరాలకూ చేటు అన్న నమ్మకం ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు నిలిచిపోయింది.

స్క్వాట్ కథ వేరు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో దానిని మునివేళ్లపై నిలబడి, తేలిక బరువుతో చేసేవారు. బరువైన కడ్డీని భుజాలమీదికి చేర్చే సాధనమే లేకపోవడం అందుకు ఒక కారణం. 1921లో అమెరికా చేరిన జర్మన్ బలశాలి హెన్రీ స్టైన్‌బార్న్ కడ్డీని ఒక కొసపై నిలువుగా నిలబెట్టి, దాని పక్కన కూర్చుని, భుజాలపై అడ్డంగా వాలేట్టు వంచుకొని, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి లేచేవాడు. పాదం నేలకు ఆనితే ఎంత బరువుతో కూర్చుని లేవవచ్చో చూసినవారికి అర్థమైంది కానీ, ఆ పద్ధతిని కొత్తవారు అనుకరించడం సాధ్యమయ్యే పని కాదు, ఎందుకంటే కడ్డీని వాల్చుకోవడమే స్క్వాట్ కంటే కష్టం. కడ్డీని భుజాల ఎత్తులో నిలిపి ఉంచే జత స్టాండ్లు వాడుకలోకి వచ్చాకే ఆ అడ్డంకి తొలగింది. సామాన్యులకు స్క్వాట్‌ను చేరువ చేసిన ఘనత ఎవరికైనా ఇవ్వవలసి వస్తే, ఆ స్టాండ్లకే ముందుగా ఇవ్వాలి.

1930లలో స్ట్రెంగ్త్ పత్రిక నడిపిన మార్క్ బెర్రీ, అతని పాఠకుడు జోసెఫ్ కర్టిస్ హైస్, 1936లో ఐరన్ మ్యాన్ పత్రికను స్థాపించిన పియరీ రేడర్ కలిసి స్క్వాట్‌ను బక్కపలుచనివారికి కండ పెంచే మార్గంగా ప్రచారం చేశారు. వారి పద్ధతిలో ఒకే దఫాలో 20 సార్లు కూర్చుని లేవాలి, ఒక్కోసారికీ మధ్య నిలబడే గాఢంగా ఊపిరి తీసుకోవాలి, తరువాత పాలూ భోజనమూ దండిగా పుచ్చుకోవాలి. ఊపిరి వల్ల పక్కటెముకల గూడు విస్తరిస్తుందన్న వారి నమ్మకం తరువాత నిలబడలేదు. కాళ్లకు గట్టి పని పెడితే శరీరమంతా పుంజుకుంటుందన్న అనుభవం మాత్రం నిలిచింది.

డెడ్‌లిఫ్ట్‌లో టెన్నెసీకి చెందిన రైతు బాబ్ పీపుల్స్ చేసిన మేలు అంతకు తక్కువది కాదు. సుమారు 82 కిలోల దేహంతో 1949లో 329 కిలోల దాకా ఎత్తిన ఆ మనిషి, తన సొంత చోటులోనే రాక్‌ను తయారు చేసుకున్నాడు. రెండు వైపులా నిలువు స్తంభాలు నిలిపి, కావలసిన ఎత్తులో అడ్డుచువ్వలు దూర్చి, కడ్డీ ఆ ఎత్తుకు కిందికి పడకుండా ఆపే చట్రమే రాక్. సహాయకుడు లేకుండా బరువు కింద చిక్కుకుపోతామన్న భయాన్ని తీర్చిన ఈ చట్రం నేడు చాలా జిమ్‌లలో ఉంది.

అయితే ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఎప్పుడు పెంచాలి అన్న అసలు ప్రశ్నకు సమాధానం ఒక సైనిక ఆసుపత్రి నుంచి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో షికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ డెలార్మ్ అనే వైద్యుడు, మోకాళ్లు దెబ్బతిని తొడ కండరాలు కృశించిన సైనికులకు నాటి ఆచారం ప్రకారం తేలిక బరువుతో లెక్కలేనన్ని సార్లు కాలు ఆడించడం బదులు, బరువైన ఇనుప పాదరక్ష తొడిగి తక్కువసార్లు ఎత్తించాడు. బాల్యంలో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, కోలుకున్నాక బరువులతోనే బలం పెంచుకున్నవాడు కావడం వల్ల ఆ మార్గంపై అతనికి నమ్మకం ఉంది. 1945లో అతడు ఆ ఫలితాలను ప్రకటించాడు; కొద్ది ఏళ్లలో పద్ధతి మూడు దఫాలకు కుదిరింది. సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలమానంగా తీసుకొని, దానిలో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, చివరికి పూర్తి బరువుతో పదిసార్లు చేయించి, పదికి మించి చేయగలిగిన రోజున బరువు పెంచేవారు. గాయపడ్డ శరీరం ఓర్చుకోగలిగిన ఈ క్రమంలో కొత్తవారి భద్రత ఇమిడి ఉంది: నిర్ణయించేది ఉత్సాహం కాదు, నిన్నటి లెక్క.

ఆ భరోసా స్థిరపడుతున్న వేళలోనే మోకాలి భయం తలెత్తింది. 1961లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్, పూర్తిగా కిందికి కూర్చునే స్క్వాట్ మోకాలి స్నాయువులను, అంటే ఎముకలను కట్టి ఉంచే పట్టీలను, వదులు చేస్తుందని ప్రకటించడంతో చాలా పాఠశాలల్లోనూ క్రీడా శిక్షణలోనూ ఆ కదలికను సగానికి కుదించారు. తరువాతి పరిశీలనలు ఆ నిర్ణయాన్ని సమర్థించలేదు. ఆరోగ్యవంతమైన మోకాలికి లోతు దానికదే హాని చేస్తే, బరువు కింద అడుగంటా కూర్చోవడం వృత్తిగా గల వెయిట్‌లిఫ్టర్లే ముందుగా దెబ్బతినాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి కూడా ఆ కదలికలలో కడ్డీని అందుకున్నది లోతైన స్క్వాట్ స్థితిలోనే. అదుపు లేకుండా దభాలున కూలబడటం, మోకాళ్లు లోపలికి ముడుచుకోనివ్వడం నిజంగా జాగ్రత్తపడవలసినవి.

1976లో బిల్ స్టార్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రాసిన పుస్తకం అయిదు దఫాలు, దఫాకు అయిదుసార్లు అనే లెక్కను వ్యాప్తి చేసింది. 2005లో మార్క్ రిప్పటో, లాన్ కిల్గోర్ వెలువరించిన స్టార్టింగ్ స్ట్రెంగ్త్ అనే పుస్తకం పూర్తిగా కొత్తవారినే దృష్టిలో పెట్టుకుంది. ఆ పద్ధతిలో స్క్వాట్ మూడు దఫాలైతే, డెడ్‌లిఫ్ట్ అయిదుసార్లు చొప్పున ఒక్క దఫాయే. నేలనుంచి లేచే బరువు శరీరాన్ని త్వరగా అలసటకు గురిచేయడమే అందుకు కారణం. అంతకంటే మెల్లగా మొదలు కావలసినవారికి శిక్షకుడు డాన్ జాన్ ప్రచారంలోకి తెచ్చిన గాబ్లెట్ స్క్వాట్ ఉపకరించింది. ఒకే డంబెల్‌ను రెండు చేతులా రొమ్ముకు ఆనించుకొని కూర్చుంటే ముందున్న బరువు వెన్నును నిటారుగా ఉంచుతుంది, మోచేతులు మోకాళ్ల నడుమకు దిగుతూ మోకాళ్లను బయటికి ఉంచుతాయి.

డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం ఒక చిక్కు నేటికీ చాలా జిమ్‌లలో తీరలేదు. పోటీ పళ్లెం వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి కడ్డీ నేలనుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు పోటీ నిబంధనల వల్ల స్థిరపడ్డదే తప్ప ఎవరి కాళ్ల పొడవునూ కొలిచి పెట్టింది కాదు. తక్కువ బరువుగల ఇనుప పళ్లేలు చిన్నవిగా ఉండటంతో, బలవంతుడి కంటే కొత్తవాడే ఎక్కువ కిందికి వంగవలసి వస్తుంది, వెన్ను గూనిపోయేదీ అక్కడే. బరువు తక్కువైనా పూర్తి వ్యాసం గల రబ్బరు పళ్లేలు వాడటం, అవి దొరకనప్పుడు దిమ్మలపై గానీ రాక్ అడ్డుచువ్వలపై గానీ కడ్డీని మోకాలి కిందిదాకా ఎత్తి ఉంచడం, కడ్డీని పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన, మోకాలి కింది ముందరి ఎముకకు దగ్గరగా నిలిపి, పొట్టలోకి ఊపిరి బిగించి లేవడం, వెన్ను స్థిరంగా నిలిచినన్ని వారాలు ఆ ఎత్తును అంగుళం చొప్పున తగ్గిస్తూ నేలకు చేరడం నేటి శిక్షకులు అనుసరిస్తున్న మార్గం.