కోరంగి కొయ్యబాట

కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయలు సముద్రమును చేరుచోట, కోరంగి మడ అడవి కలదు. అందు చూడవచ్చువారు నడచుటకై బురదలో గుంజలు నాటి, వానిపై పలకలు పరచి కొయ్యబాట నిర్మించిరి. నేను పోయిన దినమున ఒకచోట రెండు పలకలు ఊడియుండెను. ముందు నడచువారు బురదలోనికి దిగి దాటిరి, నేనును దిగితిని. కాలిక్రింద ఏదియో పుటుక్కున విరిగెను. అచ్చట మరమ్మతు చేయుచున్న ముసలి వడ్రంగి నన్ను జూచి, "అవి చెట్టు ఊపిరి పీల్చే వేళ్లండి, పంతులుగారూ!" అనెను.

ఎన్నో యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ మాటయే పాఠమయ్యెను. మడచెట్లు నిలుచు బురదలో గాలి చొరదు. కావున పలు మడజాతుల వేళ్లు మేకులవలె పైకి పొడుచుకొనివచ్చి గాలిని గ్రహించును.

కోరంగికి మరమ్మతు క్రొత్త గాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఇది ఓడలు కట్టుటకును, చెడిన ఓడలను బాగుచేయుటకును పేరొందిన రేవు. ఇచ్చటినుండి సముద్రము దాటిన వారినిబట్టియే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1789 డిసెంబరులో తుపానువేళ మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి ఊరిని ముంచెను. బ్రతికినవారు మరల ఓడలు కట్టిరి. 1839 నవంబరులో మరియొక యుప్పెన రేవును ధ్వంసము చేసెను. పిమ్మట గోదావరి యొండ్రు పేరుకొని పెద్ద ఓడలకు దారి మూసికొనిపోయెను. వర్తకము కాకినాడకు తరలెను.

పగిలిన ఓడను అతుకు నేర్పరులు ఇచ్చట నుండిరి. తీరమును కాచు అడవిని మాత్రము జనులు వంటచెరకునకై నరకుచునే వచ్చిరి. మడవేళ్లు ఒండ్రును పట్టి నిలుపును. ఉప్పెనను పూర్తిగా ఆపజాలకున్నను దాని వేగమును తగ్గించును. 1978లో ఈ అడవి అభయారణ్యముగా ప్రకటింపబడెను.

పలకల మరమ్మతు విహారము చేయువారి సుఖమునకేయని నేను తలచియుంటిని. అది పొరపాటు. బాట తెగినచోట మనుష్యుడు బురదలో దిగును; దిగినచోట వేళ్లు విరుగును. చెరువుగట్టున వ్రేలెడు కన్నమును ఏల వెంటనే పూడ్చవలయునో యెరిగిన మీకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

వడ్రంగి మొదట పలకను ముట్టలేదు. ఉలితో గుంజను పొడిచి చూచెను. "నీరు ఎక్కి దిగేచోటే కొయ్య పుచ్చుతుందండి. గుంజ పుచ్చితే పైన కొత్తపలక వేసి ఏం లాభం?" అనెను. పుచ్చిన గుంజను మార్చిన పిదపనే, నీరు జారుటకు పలకలనడుమ సందు విడిచి మేకులు కొట్టెను.

నేను తిరిగి వచ్చునప్పటికి బాట బాగుపడియుండెను. పలకపైననే నడచితిని. విరిగిన వేరు మాత్రము అట్లే పడియుండెను.