సులువైన చేప ఎలా తయారైంది

ఇంట్లో అక్వేరియం పెట్టి కొన్నాళ్లు గడిచాక చాలామందికి ఒక కోరిక పుడుతుంది. గప్పీలు ఎలాగూ పిల్లల్ని కంటూనే ఉంటాయి, ఈసారి గుడ్లు పెట్టే చేపతో పిల్లలు తీయించాలనిపిస్తుంది. దుకాణంలో అడిగితే చూపించేవాటిలో సిక్లిడ్ కుటుంబపు చేపలు తప్పక ఉంటాయి, అందులోనూ ఏంజెల్‌నో, నల్లచారల కాన్విక్ట్‌నో ముందు చూపిస్తారు. “ఇది సులువండీ, జత కడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది” అంటారు. కాన్విక్ట్ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. ఏంజెల్ విషయంలో సగమే నిజం. ఏంజెల్ సులువైన చేపగా అమెజాన్ నుంచి రాలేదు. మనుషులు, వాళ్ల సామాను, వాళ్ల కుళాయి నీళ్లు, వాళ్ల లాభనష్టాల లెక్కలు కలిసి నూరేళ్లలో దాన్ని సులువు చేశాయి. ఆ క్రమంలో “అదే చూసుకుంటుంది” అన్న పని కాస్తా చేప నుంచి మనిషికి మారిపోయింది.

ఆ పని సిక్లిడ్ల కుటుంబ లక్షణం. చాలా చేపలు గుడ్లు వదిలేసి వెళ్లిపోతాయి. సిక్లిడ్లు మాత్రం కాపలా కాస్తాయి, రెక్కలతో విసురుతూ గుడ్లకు నీళ్లు ఆడిస్తాయి, పాడైన గుడ్లను ఏరేస్తాయి, పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతాయి. దీని బలమేమిటో తెలుగు జిల్లాల చెరువు రైతులకు వేరే చెప్పనక్కర్లేదు, తిలాపియా కూడా ఈ కుటుంబందే. బొచ్చె, శీలావతి చెరువులో తమంతట తాము గుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి కటక్‌లో హార్మోను సూదిమందుతో గుడ్లు పెట్టించి చూపించాకే ఆ చేపల సాగుకు నమ్మకమైన పిల్ల దొరికింది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియాకు ఏ సూదీ అవసరం పడలేదు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగింది, పిలవని చెరువులు కూడా నింపేసింది. అంటే సిక్లిడ్లతో పిల్లలు తీయడం సులువు అనడానికి అసలు ఆధారం తల్లిదండ్రుల పెంపకమే. ఇంట్లో గాజు తొట్టి పెట్టుకున్నవాళ్లకు ఈ కుటుంబం నచ్చడానికి కారణం కూడా ఆ కాపలా కళ్లారా చూడగలగడమే.

ఏంజెల్ కథ ఈ దారిలో మొదలై మధ్యలో పక్కకు తిరిగింది. 1823లో బెర్లిన్ మ్యూజియం నమూనాల ఆధారంగా ఆ చేపకు శాస్త్రీయ నామం వచ్చింది. దాని ప్రజాతికి టెరోఫిల్లమ్ అనే పేరు పెట్టినవాడు వియన్నాలోని హెకెల్. బ్రెజిల్‌లో 18 ఏళ్లు తిరిగి నమూనాలు పోగుచేసిన యోహాన్ నాటెరర్ సేకరణను ఆయన పరిశీలించాడు, ఆ పేరు 1840లో వెలువడింది. సారాలో ఊరిన చేప గురించి తెలిసిన ఎన్నో ఏళ్లకు, 20వ శతాబ్దపు తొలి దశాబ్దం చివరికి గానీ, ప్రాణమున్న ఏంజెల్ హాంబర్గ్ రేవులో దిగలేదు. దిగినా బతికించడం కష్టమే. ఆనాటి తొట్టికి ఇనుప చట్రం, పలకరాతి అడుగు. వేడి కావాలంటే ఆ అడుగు కింద గ్యాసు మంటో సారాయి దీపమో వెలిగించాలి. దీపం కాస్త ఎగిస్తే చేప ఉడికిపోతుంది, ఆరిపోతే చలికి పోతుంది. పైగా అది ఆమ్లగుణమున్న మెత్తటి నది నీళ్లలో పెరిగిన చేప, యూరప్ నగరాల కుళాయి నీళ్లు దానికి సరిపడవు. 1910లలో జర్మనీలో కొందరు పిల్లలు తీయగలిగారు. తీయగలిగినవాళ్లకు అది మంచి రాబడి గనుక పద్ధతిని గుట్టుగా ఉంచుకున్నారు. ఏంజెల్ అప్పట్లో డబ్బున్నవాళ్ల చేప, కొత్తవాళ్లకు ఇచ్చే చేప కానే కాదు.

మార్చింది ఏమిటని అడిగితే విద్యుత్ హీటరు, థర్మోస్టాటు అని చాలామంది చెబుతారు. అవి కావాల్సినవే, కానీ నా లెక్కలో అంతకంటే పెద్ద మలుపు ఒక చిన్న ఉప్పునీటి రొయ్య. ఏంజెల్ గుడ్డు వెచ్చటి నీళ్లలో సుమారు రెండు రోజులకు పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల తలమీది జిగురు పోగుతో ఆకుకు వేలాడుతూ తోక ఆడిస్తుంది, నాలుగైదు రోజులు తన సొన తానే తింటుంది. ఆ తర్వాత ఈదడం మొదలుపెట్టిన రోజే దాని నోటికి పట్టేంత చిన్న, కదిలే తిండి దొరకాలి. దొరకకపోతే ఒక్కో ఈతలో వచ్చే వందల పిల్లలు కళ్లముందే పోతాయి. ఎండుగడ్డి నానబెట్టి సూక్ష్మజీవుల్ని పెంచడం పాత పద్ధతి. అది ఒకరోజు పండుతుంది, మరో రోజు కుళ్లి నీళ్లే చెడగొడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియం అధిపతి ఆల్విన్ సీల్ 1933లో ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్య పిల్లలు చేపలకు చక్కని ఆహారమని ప్రకటించాడు. దీని గుడ్లు ఎండిపోయి దుమ్ములా ఉన్నా ఏళ్ల తరబడి ప్రాణం నిలుపుకుంటాయి. సీసాలో ఉప్పునీళ్లు పోసి, గాలి గొట్టం పెట్టి, చిటికెడు గుడ్లు వేస్తే మర్నాటికి అరమిల్లీమీటరు లోపు నారింజ రంగు పిల్లలు. గాలి ఆపి సీసా పక్కన దీపం పెడితే అన్నీ వెలుగువైపు గుమికూడతాయి, సన్నని గొట్టంతో లాగేయడమే. వాటిని తిన్న ఏంజెల్ పిల్ల పొట్ట నారింజ రంగుకు తిరగడం చూస్తే ఆ పూటకు బెంగ తీరినట్టే. వేళకు తిండి చేతికందడంతో ఏంజెల్ పెంపకం కొద్దిమంది హస్తవాసి కాకుండా పోయింది.

తిండి చిక్కాక మిగిలింది గుడ్లకు భద్రత. ఇక్కడే కథ పక్కకు తిరిగింది. చిన్న తొట్టిలో, మనుషుల అలికిడి మధ్య, ఏంజెల్ జంట గుడ్లు తినేయడం మామూలే. అమ్ముకునేవాడికి అది నష్టం. అందుకని తొట్టిలో ఏటవాలుగా ఒక పలకరాతి ముక్కో ప్లాస్టిక్ పైపు ముక్కో నిలబెడతారు. జంట దాన్ని నోటితో శుభ్రం చేసి వరసగా గుడ్లు అంటిస్తుంది. వెంటనే ఆ ముక్కను తీసి వేరే పాత్రలో పెట్టి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ చుక్కలు వేసి, తల్లి రెక్క విసిరే చోట గాలి రాయి పెడతారు. పిల్లల బాధ్యత లేని జంట వారం పది రోజుల్లో మళ్లీ గుడ్లు పెడుతుంది. పెంచనిస్తే అన్ని వారాలు ఆ తొట్టి నుంచి వేరే రాబడి ఉండదు. ఫ్లోరిడా ఫారాల నుంచి మన దుకాణాలకు చేపలు పంపే చెన్నైలోని కొళత్తూరు వరకు, పెద్ద ఎత్తున పెంచే ఎవరికైనా ఈ లెక్కలో తప్పు కనబడదు. పాలరాతి మచ్చలవి, బంగారు రంగువి, పొడవాటి ముసుగు రెక్కలవి ఈ పెంపకంలోంచే వచ్చాయి. 1980ల నుంచి జోయాన్ నార్టన్ ఒక అమెరికన్ పత్రికలో వాటి జన్యువుల లెక్కలు వరసగా వివరించింది. రంగుకు, రెక్కకు, వేగానికి ఎంపిక జరిగింది. పిల్లల్ని పెంచే గుణానికి మాత్రం ఎవరూ మార్కులు వేయలేదు. గుడ్లు తినే జంటకు, కాపాడే జంటకు తేడాయే లేకుండా పోయింది.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో బలమైనది కాన్విక్ట్ వైపు నుంచి వస్తుంది. 1867లో గుంటర్ వర్ణించిన ఈ మధ్య అమెరికా చేప ఏ తర్ఫీదూ లేకుండానే బకెట్లోనైనా పిల్లలు తీస్తుంది కదా, సులువు మనిషి చేసిందని ఎలా అంటారు? ఒప్పుకుంటాను, కాన్విక్ట్‌ది పుట్టుకతో వచ్చిన సులువు. కానీ అందులో సగం నీళ్ల పుణ్యం. అది పుట్టిన చోట నీళ్లు సున్నపుశాతం ఎక్కువున్నవి, మన బోరు నీళ్లకు దగ్గరివి. పిల్లలు కూడా పొడి తిండి తినగలిగేంత పెద్దవి. ఏంజెల్‌కు ఈ రెండూ లేవు, అందుకే దాని చరిత్ర వేరు. రెండో ఆక్షేపణ, ఇది చేపలో మార్పు కాదు, పుస్తకాల ద్వారా పద్ధతి అందరికీ తెలియడమే అన్నది. 1935లో వచ్చిన ఇన్నెస్ పుస్తకం లాంటివి గుట్టు రట్టు చేశాయన్నది నిజమే. అయితే అదే ప్రజాతిలోని ఆల్టమ్ సంగతేమిటి? 1903లో పెల్లెగ్రిన్ వర్ణించిన ఈ ఒరినోకో చేపకు ఆ పుస్తకాలు, హీటర్లు, ఆర్టీమియా అన్నీ అందుబాటులో ఉన్నాయి. అయినా దానితో పిల్లలు తీయడం ఇప్పటికీ ఆరితేరినవాళ్ల పనే, అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నదిలో పట్టినవే. లేనిదల్లా కుళాయి నీళ్లలో తరతరాల వడపోత.

మూడోది మరింత సూక్ష్మమైనది: గుడ్లు తినడం అడవి చేపల్లోనూ ఉంది, కొత్త జంటలు మొదటి ఈతలు తినేయడం సహజం, దాన్ని పెంపకందార్ల తప్పుగా చూపకూడదంటారు. సహజమే, కానీ మొదటి ఈత తర్వాత ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. నోబుల్, కర్టిస్ 1939లో జ్యూయెల్ సిక్లిడ్ల మీద ప్రయోగాలు ప్రచురించారు. తొలి ఈతలో వేరే జాతి గుడ్లు పెట్టి పెంచనిచ్చిన జంటలు తర్వాత సొంత పిల్లల్నే పరాయివిగా చూశాయని వాళ్లు చెప్పారు. తర్వాతివాళ్లు ఆ ఫలితాన్ని అంతే గట్టిగా ఒప్పుకోలేదు. అయినా తొలి ఈత అనుభవానికి విలువ ఉందనుకుంటే, ప్రతి ఈతనూ కొన్ని గంటల్లో ఎత్తుకెళ్లే చోట ఆ పాఠం నేర్చుకునే వీలే లేదు. గుణం రక్తంలో తగ్గిందా, అలవాటు కాకుండా పోయిందా అన్నది ఎటు తేలినా, పలక ముక్క తీసిన చేతికి దానిలో వాటా ఉంది.

ఇదే కుటుంబంలో డిస్కస్ దీనికి ఎదురు సాక్ష్యం. హెకెల్ 1840లోనే వర్ణించిన చేప ఇది. దాని పిల్లలు మొదటి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి జిగురును కొరుక్కుతిని బతుకుతాయని 1959లో హిల్డెమాన్ శాస్త్రీయంగా రాశాడు. ఆ తిండిని మనిషి అందివ్వడం అంత తేలిక కాదు. ఎండబెట్టిన గుడ్డు పచ్చసొనను గిన్నె అంచుకు పూసి ఆ పిల్లల్ని పెంచినవాళ్లు లేకపోలేదు, కానీ అది పగలూ రాత్రీ నీళ్లు మారుస్తూ కాపు కాసే పని. అందుకే డిస్కస్ పెంచేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ తల్లిదండ్రుల్ని తొట్టిలోనే ఉంచుతారు, గుడ్లు తినే జంటను పక్కనబెట్టి పిల్లల్ని సాకే జంటకు ఎక్కువ ధర పెడతారు. ఏంజెల్ కొనేటప్పుడు ఆ జంట పిల్లల్ని పెంచుతుందా అని అడిగేవాళ్లు అరుదు. అడిగినా దుకాణంవాళ్ల దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆ చేపల తల్లిదండ్రులకు గానీ, వాటి తాతముత్తాతలకు గానీ పెంచే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.