ఎండాకాలం మీ నల్లాకు నీళ్లొస్తాయా? లెక్క అక్టోబర్‌లోనే తేలుతుంది

ఏప్రిల్ రాగానే కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో లోయర్ మానేరు డ్యాం (ఎల్‌ఎండీ) ఫొటోలు తిరుగుతాయి. నీళ్లు తగ్గి బయటపడ్డ నేల, కింద ‘ఈసారి ఎట్లా?’ అనే ప్రశ్న. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు ఆరు నెలల ముందే తేలిపోయి ఉంటుంది.

గంగ, సింధు లాంటి నదులకు హిమాలయాల మంచు ఎండాకాలంలో కరిగి నీళ్లిస్తుంది. గోదావరికి ఆ సౌకర్యం లేదు. అది పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో, మంచు పడని పశ్చిమ కనుమల్లో. జూన్ నుంచి అక్టోబర్ దాకా పడ్డ వానతోనే ఏడాదంతా గడవాలి. మనకు మంచుకొండ అంటే డ్యామే.

ఏ తేదీ చూడాలి?

అక్టోబర్ 29. మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లను జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు తెరిచే ఉంచాలని 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత మూసేస్తారు. మళ్లీ మార్చి 1న తాగునీటికి 0.6 టీఎంసీ వదలాలి. పెద్ద ప్రాజెక్టుకు అది ఏ మూలకూ చాలదు. అందుకే గేట్లు మూసిన రోజు శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ)లో ఎంత ఉందో రాసి పెట్టుకోండి. యాసంగి పంటకైనా, మే నెల తాగునీటికైనా దాదాపు అదే మూలధనం.

అడుగులు కాదు, టీఎంసీలు

ఎస్సారెస్పీ పూర్తి మట్టం 1091 అడుగులు. ఆ అంకె మారలేదు కానీ లోపలి నీళ్లు తగ్గాయి. మొదట్లో 112 టీఎంసీల సామర్థ్యం ఉండేది, పూడిక చేరి ఇప్పుడు సుమారు 80.5కి వచ్చింది. కాబట్టి ‘డ్యాం నిండింది’ అంటే మీ నాన్నగారి కాలంలో నిండినంత అని కాదు. ఇన్‌ఫ్లో వార్తలకూ ఒక చిట్కా ఉంది: 11,574 క్యూసెక్కులు 24 గంటలు వస్తే ఒక టీఎంసీ.

ఎస్సారెస్పీ నుంచి కాకతీయ కాలువ ద్వారా నీళ్లు ఎల్‌ఎండీకి చేరతాయి. దాని సామర్థ్యం 24 టీఎంసీలు. పైనున్న మిడ్ మానేరుది 27.5. మిడ్ మానేరుకు ఎల్లంపల్లి నుంచి కూడా ఎత్తిపోస్తారు. అయితే 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాక అక్కడి నుంచి ఎత్తిపోత ఆగింది. ఇప్పుడు ఎల్లంపల్లికి నది తెచ్చినంతే. అందులోంచే హైదరాబాద్‌కూ తాగునీరు పోవాలి.

ఆదిలాబాద్‌లో వరదొస్తే?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పెన్‌గంగ, ప్రాణహిత ఉప్పొంగితే ఎల్‌ఎండీ నిండదు. ప్రాణహిత గోదావరిలో కలిసేది ఎక్కడో కింద, కాళేశ్వరం దగ్గర. కడెం వాగు మాత్రం ఎల్లంపల్లికి పైనే కలుస్తుంది. కానీ కడెం ప్రాజెక్టు పట్టేది 7.6 టీఎంసీలే. 2022 జూలైలో గేట్ల సామర్థ్యాన్ని మించి వరద వచ్చి కట్టకే ముప్పు ఏర్పడింది. ఆ నీళ్లలో మే దాకా దాచుకోగలిగింది ఆ ఏడున్నరే!

రైతులకు ఎన్ని తడులు?

అక్టోబర్ దాటాక నీటిపారుదల శాఖ ‘శివం’ కమిటీ కూర్చుంటుంది. తాగునీటికి పక్కన పెట్టి, మిగిలింది యాసంగికి కేటాయిస్తుంది. వారబందీ అన్నారంటే నీళ్లు బిగుతుగా ఉన్నాయని అర్థం. అప్పుడు ముందు ఎండేది కాలువ చివరి పొలాలే.

కేంద్ర జల సంఘం ప్రతి గురువారం జలాశయాల బులెటిన్ ఇస్తుంది. దాని అంకెలు రాష్ట్ర లెక్క కన్నా తక్కువగా కనిపిస్తే కంగారు పడకండి. వాళ్లు అడుగున వాడలేని నీటిని లెక్కలోకి తీసుకోరు.